పాత చిన్న బండికి పెద్ద ఇంజిన్: తరచుగా అడిగే ప్రశ్నలు

యాభై, డెబ్బై సీసీల పాత బండి ఉన్నవాళ్లను ఎప్పుడో ఒకప్పుడు ఈ పురుగు తొలుస్తుంది: దీనికే ఓ నూట పాతిక సీసీ ఇంజిన్ పడేస్తే ఎలా ఉంటుంది? నన్నూ తొలిచింది. ఒక డెబ్బై సీసీ హోండాకు ఇంజిన్ మార్చాను. ఆ తర్వాత తెలిసినవాళ్ల బండ్లు మూడింటికి చెయ్యి వేశాను. ఇంజిన్ దింపి ఇంకోటి ఎక్కించడం ఒక్క పూట పని. కొత్త ఇంజిన్‌కూ పాత బండికీ కాపురం కుదర్చడానికే నెలలు పడుతుంది. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలూ, నేను చెప్పే జవాబులూ ఇవి.

ఇంజిన్ మొత్తం మార్చడం ఎందుకు? ఉన్నదానికే బోర్ పెంచుకోవచ్చు కదా?

పెంచుకోవచ్చు. కొందరికి అదే మేలు కూడా. బోర్ అంటే సిలిండర్ లోపలి వెడల్పు, స్ట్రోక్ అంటే అందులో పిస్టన్ కదిలే దూరం. హోండా డెబ్బై సీసీ ఇంజిన్‌లో బోర్ 47, స్ట్రోక్ 41.4 మిల్లీమీటర్లు. లెక్క కడితే 72 సీసీ. స్ట్రోక్ ముట్టుకోకుండా 52 మిల్లీమీటర్ల పిస్టన్, సిలిండర్ వేస్తే 88 సీసీ అవుతుంది. ఇంజిన్ కేసు కోయకుండానే దిగే కిట్లు దొరుకుతాయి. బయటినుంచి చూస్తే బండి మారినట్టే తెలియదు. ఇంజిన్ నంబరు కూడా పాతదే ఉంటుంది.

చిక్కు ఏమిటంటే, పైన సిలిండర్ కొత్తదైనా కింద క్రాంకు (పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు), బేరింగులు, క్లచ్ ప్లేట్లు, గేర్లు అన్నీ నలభై యాభై ఏళ్లనాటివే. అంతకాలం ఐదు గుర్రాల బలం మోసినవాటికి ఒక్కసారిగా బరువు పెంచితే క్రాంకు బేరింగ్ మోత మొదలవుతుంది. దాన్ని బాగుచేయిస్తే క్లచ్ జారుతుంది. ఇలా ఒకదాని వెంట ఒకటి ఖర్చు పెరుగుతూ పోతుంది. కింది భాగం గట్టిగా ఉంటే బోర్ పెంచండి. ఇంజిన్ అసలే పోయి ఉంటే, లేదా మూడు గేర్లకు బదులు నాలుగు కావాలనుకుంటే, మొత్తం మార్చడమే తేలిక.

ఏ బండికి ఏ ఇంజిన్ పడుతుంది?

దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. హోండా 1958లో సూపర్ కబ్ తెచ్చింది. అందులో 49 సీసీ ఇంజిన్ దాదాపు పడుకున్నట్టు ఉంటుంది, సిలిండర్ ముందు చక్రం వైపు చూస్తుంది. మొదట్లో అది పుష్‌రాడ్ ఇంజిన్, అంటే వాల్వులను పొడవాటి కడ్డీలు తెరిచే రకం. తర్వాత 1960ల్లో వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ సిలిండర్ కొసనుండే హెడ్‌లోకి చేరింది. ఆ రెండో రకం ఇంజిన్‌నే కొద్ది తేడాలతో మంకీ బండ్లకు, 1969లో వచ్చిన సీటీ70కి, ఇంకా చాలా చిన్న బండ్లకు వాడారు. దాన్ని చూసి ఎన్నో కంపెనీలు నకళ్లు చేశాయి, పెద్దవి చేశాయి. ఈరోజు దొరికే 110, 125, 140 సీసీల పడుకున్న ఇంజిన్లు చాలావరకు ఆ వంశంలోవే. కేసు వెనకవైపు రెండు బోల్టులతో ఛాసిస్‌కు వేలాడే పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది. అందుకే ఈ బండ్లకు ఇంజిన్ మార్చడం అంత తేలికైంది. ఎన్నో సందర్భాల్లో రెండు బోల్టులు విప్పి, కొత్తది పెట్టి, అవే బోల్టులు బిగిస్తే కూర్చుంటుంది.

మీ బండి ఈ వంశంలోది కాకపోతే, అంటే సిలిండర్ నిలువుగా ఉండి ఇంజిన్ ఫ్రేములో కూర్చునే రకమైతే, కొత్తగా మౌంటింగ్ ప్లేట్లు చేయించాలి. అది వేరే స్థాయి పని. మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిదని నా అభిప్రాయం.

ఎన్ని సీసీల దాకా వెళ్లొచ్చు?

125 దగ్గర ఆగండి. పట్టదని కాదు, 140 కూడా పడుతుంది. 54 బోర్, 54 స్ట్రోక్ ఉన్న 125 ఇంజిన్‌కూ, 56 బోర్, 57 స్ట్రోక్ ఉన్న 140 ఇంజిన్‌కూ బయటి కొలతల్లో తేడా పెద్దగా ఉండదు. కానీ ఈ బండ్ల చక్రాలు చిన్నవి, రెండు చక్రాల మధ్య దూరం తక్కువ, బరువు అంతకన్నా తక్కువ. మొదటి గేర్‌లో థ్రాటిల్ కాస్త గట్టిగా తిప్పితే ముందు చక్రం లేస్తుంది. ఫొటోల్లో బాగుంటుంది. మలుపు తిరుగుతున్నప్పుడు లేస్తే మాత్రం బాగుండదు. 110 సీసీతోనే పాత బండికి కొత్త ప్రాణం వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు గేర్ దించే పని తప్పుతుంది. నిజానికి చాలామంది కోరుకునేది అంతే.

ఇంజిన్ కొనేముందు ఏమేం కొలవాలి?

వెర్నియర్ కాలిపర్ ఒకటి, స్కేలు ఒకటి, కాగితం పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. అమ్మేవాడు “మీ బండికి పడుతుంది” అన్నమాట మీద డబ్బు కట్టకండి. పట్టడం అంటే అతని దృష్టిలో బోల్టులు దూరడం మాత్రమే.

ముందు ఆ రెండు బోల్టుల మధ్య దూరం, బోల్టు మందం, అవి దూరే చోట కేసు వెడల్పు రాసుకోండి. తర్వాత చైన్ స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) ఎక్కే షాఫ్ట్ చూడాలి. పాత హోండాల్లో అది 17 మిల్లీమీటర్లు, కొన్ని పెద్ద ఇంజిన్లలో 20. మీ దగ్గరున్న స్ప్రాకెట్ రెండోదానికి ఎక్కదు.

ఇంజిన్ పైన స్టార్టర్ మోటారు ఉన్న రకాలున్నాయి, కిందున్నవీ ఉన్నాయి. పైనున్నది ఫ్రేముకు తగిలే అవకాశం ఎక్కువ. నేను చూసిన ఒక బండిలో ఇంజిన్ కొని ఇంటికి తెచ్చాక ఇది బయటపడింది. చివరికి మోటారు విప్పేసి, ఆ రంధ్రానికి మూత బిగించాం.

స్ట్రోక్ పెరిగితే సిలిండర్ పొడవు పెరుగుతుంది, హెడ్ ముందుకు జరుగుతుంది. బండి స్టాండు మీద ఉన్నప్పుడు మడ్‌గార్డుకూ హెడ్‌కూ మధ్య బోలెడంత జాగా కనిపిస్తుంది. గుంతలో పడి ఫోర్కు పూర్తిగా దిగినప్పుడు ఆ జాగా ఏమవుతుందో చూడాలి. ఫోర్కు స్ప్రింగులు తీసేసి, ముందుభాగాన్ని చేత్తో కిందికి నొక్కి చూడడమే దీనికి సరైన పరీక్ష. హ్యాండిల్ రెండు వైపులా తిప్పి కూడా చూడండి.

ఇక చిన్నవి: కిక్ కొట్టినప్పుడు రాడ్డు ఫుట్‌రెస్టుకు తగులుతుందా, గేర్ లివర్ ఎటు వస్తుంది, కార్బ్యురేటర్ నోరు ఫ్రేముకు గుద్దుకుంటుందా, సైలెన్సర్ బెండు పైపు ఫ్లాంజి బోల్టులు సరిపోతాయా.

చైన్ లైన్ గురించి అందరూ అంత భయపెడతారెందుకు?

భయపెట్టాల్సిందే. ఇంజిన్ స్ప్రాకెట్, చక్రం స్ప్రాకెట్ ఒకే గీతలో లేకపోతే చైన్ పక్కకు లాగుతూ తిరుగుతుంది. కొత్త ఇంజిన్లలో ముందు స్ప్రాకెట్ కొన్ని మిల్లీమీటర్లు లోపలికో బయటికో ఉండడం మామూలే.

మొదటి బండికి నేను కంటితో చూసి సరిగ్గానే ఉందనుకున్నాను. మూడు వారాలకు చైన్ ఊడి స్ప్రాకెట్‌కూ కేసుకూ మధ్య ఇరుక్కుంది. వెనక చక్రం బిగుసుకుపోయింది. నెమ్మదిగా వెళ్తున్నాను కాబట్టి మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది. కేసు మాత్రం పగిలింది. విప్పి చూస్తే ముందు స్ప్రాకెట్ పళ్ల పక్కలు ఒకవైపే అరిగి మెరుస్తున్నాయి. ఆ మెరుపును మొదటి వారంలోనే చూసి ఉండాల్సింది.

సరిచూడడం కష్టమేం కాదు. వంకరలేని ఇనప పట్టీనో అల్యూమినియం కడ్డీనో వెనక స్ప్రాకెట్ ముఖానికి ఆనించి ముందుకు చాపండి. అది ముందు స్ప్రాకెట్ ముఖానికి కూడా సరిగ్గా ఆనాలి. దానికి ముందు వెనక చక్రమే ఫ్రేములో సూటిగా ఉందో లేదో చూసుకోండి. తేడా ఉంటే మూడు దారులు: పక్కకు జరిగి ఉండే ఆఫ్‌సెట్ స్ప్రాకెట్ ముందు వేయడం, వెనక స్ప్రాకెట్ వెనకాల లేత్ మీద చేయించిన స్పేసర్ పెట్టడం, మౌంటింగ్ బోల్టుల దగ్గర సమమైన స్పేసర్లతో ఇంజిన్‌నే జరపడం. వాషర్లు గుత్తులుగా పేర్చి పని కానిచ్చే పద్ధతి వద్దు, అవి నలిగి వదులవుతాయి.

చైన్ రకం కూడా చూడండి. 420, 428 చైన్లు రెండింటికీ లింకుకూ లింకుకూ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లే. తేడా వెడల్పులో. 420 లోపలి వెడల్పు 6.35 మిల్లీమీటర్లు, 428కి 7.94. 428 స్ప్రాకెట్ మీదికి 420 చైన్ ఎక్కదు. 420 స్ప్రాకెట్ మీద 428 చైన్ ఎక్కుతుంది కానీ అటూ ఇటూ ఊగుతుంది. ముందు, వెనక, చైన్ మూడూ ఒకే రకం ఉండాలి.

స్ప్రాకెట్ పళ్లు ఎన్ని ఉండాలి?

పాత ఇంజిన్ సైజుకు సరిపడా పెట్టిన స్ప్రాకెట్లే ఉంచితే, కొత్త ఇంజిన్ మొదటి గేర్‌లో ఉరికి, టాప్ గేర్‌లో అరుస్తూ ఉంటుంది. కాబట్టి ముందు స్ప్రాకెట్‌కు పళ్లు పెంచాలి, లేదా వెనకదానికి తగ్గించాలి.

ఒక లెక్క చూపిస్తాను. ఇంజిన్ లోపలి ప్రైమరీ నిష్పత్తి (క్రాంకు నుంచి గేర్‌బాక్సుకు చేరేసరికి తిరుగుడు ఎన్నో వంతుకు తగ్గుతుందో ఆ లెక్క) 3.7, టాప్ గేర్ 0.96, చక్రం చుట్టుకొలత 1.35 మీటర్లు అనుకుందాం. ముందు 14, వెనక 40 పళ్లు ఉంటే మొత్తం నిష్పత్తి సుమారు 10.15. ఇంజిన్ 7,000 తిరిగినప్పుడు చక్రం నిమిషానికి 690 తిరుగుతుంది, అంటే గంటకు 56 కిలోమీటర్లు. ముందు 16 వేస్తే అదే తిరుగుడుకు 64 కిలోమీటర్లు వస్తుంది. మీ ఇంజిన్ నిష్పత్తులు దాంతో వచ్చే కాగితంలో ఉంటాయి, చుట్టుకొలత టేపుతో కొలవండి. ముందు స్ప్రాకెట్ మరీ పెద్దదైతే కేసుకు రాసుకుంటుంది, అదీ చూసుకోవాలి.

వేగం కోసం నిష్పత్తిని మరీ సాగదీయకండి. టాప్ గేర్‌లో ఎదురుగాలికి ఇంజిన్ ఈడ్చుకుంటూ పోతుంటే ఒక పన్ను తగ్గించాల్సిందే.

క్లచ్ లివర్ లేని బండికి క్లచ్ ఉన్న ఇంజిన్ వేయొచ్చా?

వేయొచ్చు. హ్యాండిల్‌కు లివర్, దానికో కేబుల్ అదనం. క్లచ్ లివర్ లేని సెమీ ఆటోమేటిక్ రకంలోనూ పెద్ద ఇంజిన్లు వస్తున్నాయి, ఇంట్లో మరొకరు కూడా నడిపే బండైతే అదే వేయించుకోండి.

తెలుసుకోవాల్సిన తేడా ఇంకొకటి ఉంది. పాత ఇంజిన్లలో క్లచ్ నేరుగా క్రాంకు మీద ఉంటుంది, క్రాంకు ఎంత తిరిగితే అదీ అంతే తిరుగుతుంది. పెద్ద ఇంజిన్లు చాలావాటిలో గేర్‌బాక్సు షాఫ్ట్ మీద ఉంటుంది. అక్కడ తిరుగుడు తక్కువ కాబట్టి గేర్లు మెత్తగా పడతాయి. కిక్ సంగతి కూడా దీంతో ముడిపడి ఉంది. పాతవాటిలో న్యూట్రల్‌లో పెట్టే కిక్ కొట్టాలి. కొత్తవాటిలో కొన్ని క్లచ్ పట్టుకుంటే ఏ గేర్‌లోనైనా స్టార్ట్ అవుతాయి. ట్రాఫిక్ మధ్యలో ఆగిపోయినప్పుడు ఆ సుఖం తెలుస్తుంది.

గేర్లు పడే వరస కూడా అడిగి తెలుసుకోండి. కొన్నిటిలో నాలుగూ కిందికే, కొన్నిటిలో ఒకటి కిందికి మిగతావి పైకి. అలవాటయ్యేదాకా పొరపాట్లు తప్పవు.

వైరింగ్ అంటేనే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

స్పార్క్ దగ్గర మొదలుపెట్టండి. లైట్లు, హారన్ అన్నీ తర్వాత. పాత బండికి చాలావరకు పాయింట్లు (కరెంటును కలిపి విడదీసి స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్చు), ఆరు వోల్టులు. కొత్త ఇంజిన్‌కు సీడీఐ (అదే పని చేసే ఎలక్ట్రానిక్ డబ్బా), పన్నెండు వోల్టులు. ఈ ఇంజిన్లలో ఎక్కువగా వాడే సీడీఐ రకానికి బ్యాటరీతో పనే లేదు. మాగ్నెట్ కాయిల్ నుంచే దానికి కరెంటు వస్తుంది.

హోండా పద్ధతి రంగులు పాటించిన ఇంజిన్‌లో నలుపు మీద ఎర్ర గీత ఉన్న వైరు సీడీఐకి కరెంటు ఇచ్చేది. నీలం మీద తెల్ల గీత ఉన్నది స్పార్క్ ఎప్పుడు కొట్టాలో చెప్పే పికప్. ఆకుపచ్చ ఎర్త్. నలుపు మీద పసుపు గీత ఉన్నది ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్తుంది. నలుపు మీద తెల్ల గీత ఇంజిన్ ఆపడానికి. ఈ చివరిదాని దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. దాన్ని ఎర్త్‌కు తాకిస్తే ఇంజిన్ ఆగుతుంది, వదిలేస్తే నడుస్తుంది. బ్యాటరీ ఇగ్నిషన్ బండ్లలో దీనికి తలకిందులు: తాళం తిప్పితే కరెంటు వస్తుంది, అప్పుడే నడుస్తుంది. నేను ఆ అలవాటులో తాళం నుంచి వచ్చే నల్ల వైరును ఈ నలుపు తెలుపు వైరుకు కలిపాను. బ్యాటరీ కరెంటు నేరుగా సీడీఐలోకి పోయింది. ఒక్క క్షణంలో అది తుస్సుమంది. అప్పటినుంచి ముందు ఇంజిన్‌ను ఒంటరిగా, బండి వైరింగ్‌తో సంబంధం లేకుండా స్టార్ట్ చేసి చూస్తాను. అది నడిచాకే మిగతావి కలుపుతాను.

రంగులను గుడ్డిగా నమ్మకండి, నకళ్లలో మారుతుంటాయి. ఇంజిన్‌తో వచ్చిన బొమ్మ చూడండి, మల్టీమీటర్ పెట్టండి.

ఆ తర్వాత రెగ్యులేటర్, అంటే వోల్టేజీని అదుపులో ఉంచేది. నాలుగు వైర్లది మామూలుగా సరిపోతుంది. బల్బులు, హారన్, ఇండికేటర్ ఫ్లాషర్, బ్యాటరీ అన్నీ పన్నెండు వోల్టులవి మార్చాలి. ఒక్క ఆరు వోల్టుల బల్బు మర్చిపోయినా మొదటి రాత్రే గుర్తుచేస్తుంది. రంగు వేసిన ఫ్రేముకు ఎర్త్ సరిగ్గా అందదు. ఇంజిన్ నుంచి ఫ్రేముకు ఒక మందపాటి వైరు, కొన దగ్గర రంగు గీకి, బిగించండి. అర్థంకాని వైరింగ్ జబ్బుల్లో సగం దీంతోనే పోతాయి.

పాత కార్బ్యురేటరే ఉంచొచ్చా?

వద్దు. ఊపిరాడదు. ఇంజిన్‌తో ఇచ్చేది వాడండి, జెట్ (పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రమున్న ముక్క) మాత్రం మీరు చూసుకోవాలి. పదిహేను ఇరవై కిలోమీటర్లు నడిపి, ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ ఆపి, ప్లగ్ విప్పండి. మసి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లగా కాలి ఉంటే తక్కువవుతోంది. ఈ రెండోది ప్రమాదం, పిస్టన్ కరుగుతుంది. లేత గోధుమరంగు వచ్చేదాకా జెట్లు మార్చాలి. సన్నటి పాత సైలెన్సరే ఉంచితే కొత్త ఇంజిన్ బలంలో కొంత దానిలోనే పోతుంది. అయినా పాత బండి రూపం పోకూడదనుకుంటే అదే ఉంచండి. నేను ఉంచాను.

బ్రేకులు మార్చాలా?

మార్చలేకపోతే ఇంజిన్ మార్చకండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

గంటకు 60లో వెళ్లే బండి 80లో వెళ్తే వేగం మూడో వంతే పెరిగింది. ఆపాల్సిన శక్తి మాత్రం దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ఆ శక్తంతా వేడిగా మారి అరచేతంత డ్రమ్ములోకి పోవాలి. మొదటిసారి గట్టిగా పట్టినప్పుడు పట్టుకుంటుంది. దిగువ రోడ్డు మీద నాలుగోసారి లివర్ హ్యాండిల్‌కు తగిలేదాకా వచ్చేసి, బండి పోతూనే ఉంటుంది. కనీసం షూలు, కేబుళ్లు కొత్తవి వేయండి, డ్రమ్ము గుండ్రంగా ఉందో లేదో చూపించండి. కుదిరితే పెద్ద డ్రమ్ము ఉన్న చక్రమో, ముందు డిస్క్ బ్రేకో పెట్టించండి.

టైరు పక్కన గుండ్రటి చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2000కు ముందు టైరైతే అక్కడ మూడంకెలే ఉంటాయి. అలాంటి టైరు గోడకు వేలాడదీసుకోవడానికి బాగుంటుంది.

ఫ్రేము తట్టుకుంటుందా?

రేకు నొక్కి అతికించిన ఫ్రేములు అనుకున్నదానికన్నా గట్టివే. కానీ తుప్పు లోపలినుంచి తింటుంది. ఇంజిన్ దింపినప్పుడే మౌంటింగ్ బోల్టుల చుట్టూ, హ్యాండిల్ మెడ దగ్గర, స్వింగ్ ఆర్మ్ ఇరుసు దగ్గర గ్రీజు, మట్టి కడిగి, రంగు గీకి చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా దాని మీద రంగు వేయకండి. తెలిసిన వెల్డర్‌తో రేకు అతికించి బలం చేయించండి. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ, సీడీఐ విప్పి పక్కన పెట్టాలి.

ఇంజిన్ మార్చాక మొదటి వెయ్యి కిలోమీటర్లలో మౌంటింగ్ బోల్టులు రెండుమూడుసార్లు బిగించి చూసుకోవాలి. వదులైన బోల్టే రంధ్రాన్ని తినేసి పగులు తెస్తుంది.

కొత్త ఇంజిన్ స్టార్ట్ చేసేముందు చూడాల్సినవి?

ఆయిలు. చాలా ఇంజిన్లు ఖాళీగా వస్తాయి, లేదా తుప్పు పట్టకుండా పోసిన ఏదో ద్రవంతో వస్తాయి. అది వంచేసి మంచిది పోయండి. ఈ సైజులో ఇంజిన్లకు 0.8 లీటరుకు అటూ ఇటూ పడుతుంది. క్లచ్ అదే ఆయిల్లో మునిగి ఉంటుంది కాబట్టి జాసో ఎంఏ (JASO MA, అలాంటి క్లచ్‌కు పనికొస్తుందని చెప్పే గుర్తు) అని రాసి ఉన్న ఆయిలే కొనండి, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. ప్లగ్ విప్పి, కిక్ ఇరవై ముప్పైసార్లు కొట్టి ఆయిల్ పైదాకా ఎక్కనివ్వండి.

వాల్వు సందులు కూడా చూడండి. పాత హోండాల్లో చల్లటి ఇంజిన్‌కు 0.05 మిల్లీమీటర్లు. కొత్తదానికి ఎంతో దాని కాగితంలో చూసి సరిచేయండి, ఫ్యాక్టరీలో చేసే ఉంటారులే అనుకోవద్దు. మొదటి ఆయిల్ వంద కిలోమీటర్లలోపే మార్చేస్తాను. అందులో మెరిసే పొడి కనిపిస్తే కంగారు పడకండి. ముక్కలు కనిపిస్తే పడండి.

కాగితాల సంగతి?

బండి కాగితాల్లో ఇంజిన్ నంబరు, సీసీ రాసి ఉంటే రెండూ మారిపోయినట్టే. ఎక్కడి నిబంధనలు అక్కడివి. ఇంజిన్ కొనకముందే మీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడగండి. కొన్ని చోట్ల ఒప్పుకోరు. అలాంటప్పుడు పైన చెప్పిన బోర్ మార్గమైనా కుదురుతుందేమో కనుక్కోవాలి. చెప్పకుండా నడిపితే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు.

తీసేసిన పాత ఇంజిన్ అమ్మేయొచ్చా?

అమ్మకండి. రేపు బండిని మళ్లీ పాత రూపానికి తేవాలనిపిస్తే, లేదా కొనేవాడు అసలు ఇంజిన్ ఏదని అడిగితే, అదే నంబరున్న ఇంకో ఇంజిన్ ఎక్కడా దొరకదు. ప్లగ్ రంధ్రంలో రెండు చెంచాల ఆయిల్ పోసి, కిక్ నెమ్మదిగా తిప్పి, ప్లగ్ బిగించండి. కార్బ్యురేటర్ విప్పిన చోట, సైలెన్సర్ విప్పిన చోట గుడ్డ కుక్కి ప్లాస్టిక్ కట్టండి. పాత కార్బ్యురేటర్, పాయింట్లు, స్ప్రాకెట్, బోల్టులు ఒక డబ్బాలో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి ఇంజిన్‌కే కట్టేయండి. నా డబ్బా మీద చీటీ లేదు. అందులో ఉన్న పదకొండు బోల్టుల్లో రెండు ఎక్కడివో ఇప్పటికీ తేల్చుకోలేదు.